మీ ప్రశ్న – మా జవాబు: నాయనమ్మల నాయనమ్మలు ఎలా బతికారు?

పోయిన సంచికలో ఒక పాఠకురాలు తన కూతురి కాన్పు గురించి రాస్తూ, ఆసుపత్రిలో పక్క మంచం దగ్గర ఒక పెద్దావిడ "మా కాలం వాళ్ళు ఇంత గొడవ చేశారా, గంపెడు పిల్లల్ని కని మళ్ళీ పొలానికి పోలేదూ" అన్న మాట ప్రస్తావించారు. ఆ ఒక్క మాట మీద ఈ నెల కుప్పలుగా ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఆ పెద్దావిడ మాట నిజమే అన్నారు, కొందరికి కోపం వచ్చింది, ఎక్కువమంది మాత్రం అసలు ఆ రోజుల్లో ఏం జరిగేదో చెప్పమని అడిగారు. అందుకే ఈసారి అన్నీ ఆ ప్రశ్నలే, 19వ శతాబ్దపు ఆడవాళ్ళ పెళ్ళిళ్ళ గురించి, కాన్పుల గురించి.

మేడమ్, మా నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ పదకొండు మందిని ఇంట్లోనే కని ఎనభై ఏళ్ళు దాటి బతికిందట. పొద్దున నొప్పులొస్తే సాయంత్రానికి లేచి తిరిగేదని మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మా ఆవిడకి ఒక్క కాన్పుకే ఆపరేషన్ అయింది. అప్పటి తిండి, అప్పటి ఒళ్ళు వేరు అనుకోవచ్చా? – పాఠకుడు, తణుకు

ఆవిడ గట్టి మనిషే, అందులో సందేహం లేదు. అయితే మీరొక పని చెయ్యండి. మీ ఇంట్లో ఎవరైనా వంశవృక్షం రాసి పెట్టుకుని ఉంటే ఆ కాగితం తీసి, ఆ తరంలో మగవాళ్ళ పేర్ల పక్కన "మొదటి భార్య", "రెండవ భార్య" అని ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి. నేను చూసిన పాత వంశవృక్షాల్లో ఈ మాట లేనిది తక్కువ. చాలాచోట్ల మొదటి ఆవిడకి పేరు కూడా ఉండదు. అందరూ పురిట్లోనే పోయారని చెప్పలేం గానీ, పెళ్ళయిన రెండు మూడేళ్ళకే పోయిన పడుచుపిల్ల అంటే ఆ రోజుల్లో ముందు అనుమానించాల్సింది పురుడే.

మీ తాతమ్మ కథ మీదాకా వచ్చిందంటే ఆవిడ బతికింది కాబట్టి, పిల్లలు బతికారు కాబట్టి, వాళ్ళ పిల్లలు చెప్పుకున్నారు కాబట్టి. తొలి కాన్పులోనే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతే ఆ పిల్ల కథ చెప్పడానికి ఎవరున్నారు? ఆరునెలలు తిరక్కుండా ఆ ఇంటికి ఇంకో పిల్ల వచ్చేది, పోయిన పిల్ల పేరు తద్దినం రోజున తప్ప ఎవరూ తలిచేవారు కాదు. మనం వినే కథలన్నీ గెలిచినవాళ్ళవి. వాటిని మాత్రమే విని ఆ కాలం ఒళ్ళు గట్టివని తేల్చేస్తే, పోయినవాళ్ళకి రెండోసారి అన్యాయం చేసినట్టే అవుతుంది.

ఇక ఒళ్ళు సంగతి. పన్నెండు పదమూడేళ్ళకి సమర్తాడితే ఆ వెంటనే కాపురానికి పంపేవాళ్ళు, ఏడాది రెండేళ్ళలో కడుపు. ఆ వయసుకి ఆడపిల్ల ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, ముఖ్యంగా కటి ఎముకలు పూర్తి వెడల్పుకి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. బిడ్డ తల ఆ దారిలో పట్టదు. అలాంటప్పుడు నొప్పులు ఒక రోజు కాదు, రెండు రోజులు, మూడు రోజులు. బిడ్డ లోపలే పోయేది, తల్లి బతికితే మూత్రం నిలవని జబ్బు మిగిలేది, ఆ వాసనకి ఇంట్లోవాళ్ళే దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. ఇవాళ కూడా ఆఫ్రికాలోనూ మన దేశంలో మారుమూలల్లోనూ బాల్య వివాహాలు జరిగేచోట డాక్టర్లు చూస్తున్న జబ్బే అది, ఫిస్టులా అంటారు.

పురిటి గది ఎలా ఉండేదో ఒకసారి కళ్ళముందుకి తెచ్చుకోండి. ఇంట్లో అన్నిటికన్నా వెనక ఉండే చీకటి గది. పురుడంటే మైల కాబట్టి మంచి గుడ్డలు, మంచి మంచం ఇవ్వరు, తర్వాత పారెయ్యడానికి పనికొచ్చే పాత చాపా పాత చీరలే. గాలి తగిలితే వాతం కమ్ముతుందని కిటికీ మూసి, గుమ్మానికి గోనె కట్టి, లోపల కుంపటి పెట్టేవాళ్ళు. ఆ పొగలో, ఆ వేడిలో పదిరోజులు. దాహం వేస్తే చన్నీళ్ళు ఇవ్వకూడదు. మంత్రసాని చేతులు కడుక్కోవాలన్న ఆలోచన ఎవరికీ లేదు, బొడ్డు కొయ్యడానికి చేతికి ఏది అందితే అది, కొడవలో, కత్తిపీటో. బిడ్డ రెండు మూడు రోజులు బాగానే పాలు తాగి, వారం తిరక్కుండా దవడలు బిగిసి విల్లులా వంగిపోయి చచ్చిపోతే గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అనుకునేవాళ్ళు. అది ధనుర్వాతం, ఆ కొడవలి నుంచి వచ్చింది. తల్లికి మూడో రోజున చలి జ్వరం మొదలై పదో రోజు లోపల ప్రాణం పోతే అది పురిటి జ్వరం, చేతుల నుంచి వచ్చింది. ఇందులో మంత్రసాని తప్పు కూడా లేదు, ఆవిడకి తెలిసిందంతా చేసింది. చాలా ఊళ్ళలో ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు.

మీ ఆవిడ ఆపరేషన్ గురించి కూడా ఒక మాట. 19వ శతాబ్దంలో చాలాకాలం పొట్ట కోసి బిడ్డను తీయడమంటే తల్లిని దాదాపు వదులుకోవడమే, యూరప్ డాక్టర్లకి కూడా. గర్భసంచిని సరిగ్గా కుట్టే పద్ధతిని 1882లో మాక్స్ జేంగర్ అనే జర్మన్ డాక్టర్ ప్రచారంలోకి తెచ్చాకే పరిస్థితి మారడం మొదలైంది. మీ తాతమ్మ ఊళ్ళో బిడ్డ అడ్డం తిరిగిన ఏ అమ్మాయికీ ఆ వీలు లేదు. మీ ఆవిడకి ఉంది, ఆవిడా బిడ్డా ఇంట్లో ఉన్నారు. దీన్ని పాత కాలంతో పోల్చి తక్కువ చెయ్యకండి, ముఖ్యంగా ఆవిడ ముందు.

కన్యాశుల్కం అంటే మగవాడే ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకోవడం కదా. ఇప్పటి కట్నం కన్నా అదే నయం కదండీ? ఆడపిల్లకి విలువ ఉన్నట్టేగా? – పాఠకురాలు, విజయవాడ

అమ్మా, విలువ ఉన్నమాట నిజమే, సంతలో దూడకి ఉన్నట్టు. ఆ డబ్బు పిల్లకి రాదు, తండ్రి మొలలోకి పోతుంది. ఎక్కువ ఇచ్చేది ఎవరు? వయసులో ఉన్న కుర్రాడికి ఎలాగూ పిల్ల దొరుకుతుంది. ఎక్కువ ఇచ్చేది భార్య పోయిన యాభై, అరవై ఏళ్ళవాడు. అందుకే ఆ పిల్లలు త్వరగా విధవలయ్యారు.

గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. దానికి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది, నాటకం కన్నా అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళు రాయిస్తే 1034 తేలాయి, సగటున ఏడాదికి 344. అందులో 99 మంది పిల్లలకి ఐదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు, ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ ఏడాది పిల్లల ఖరీదు మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు కుదిరేవని ఆయనే రాశారు.

ఏడాది పిల్ల అంటే గోడ పట్టుకుని లేచి నిలబడే వయసు. ఎవరో వచ్చి మెడలో పుస్తె కడితే దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది. ఆ కట్టినవాడు నాలుగేళ్ళకి పోతే ఆ పిల్ల ఐదేళ్ళకి విధవ. పెద్దయ్యాక జుట్టు తీసేస్తారు, రంగు చీర లేదు, ఒక్కపూట తిండి, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎదురు రాకూడదు, జీవితాంతం అన్నగారి ఇంట్లోనో మరిది ఇంట్లోనో పిండి రుబ్బుతూ ఉండాలి. కట్నం దుర్మార్గమే, కానీ ఇది దానికన్నా మేలని మాత్రం అనకండి.

చిన్నపిల్లల్ని కాపురానికి పంపడం మీద అప్పట్లో చట్టం ఏమీ లేదా? తెల్లవాళ్ళ ప్రభుత్వమే కదా? – పాఠకుడు, కర్నూలు

ఉంది, పేరుకి. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం భార్య అయినా సరే పదేళ్ళ లోపు పిల్లతో సంసారం చేస్తే అది అత్యాచారం. పదేళ్ళు దాటితే లేదు. ఆ పదేళ్ళ గీత ఎంత దారుణమో 1890లో కలకత్తా కోర్టులో బయటపడింది. ఫూల్‌మణి అనే పదకొండేళ్ళ పిల్ల, ముప్పై అయిదేళ్ళ భర్త హరిమోహన్ మైతీ బలవంతం వల్ల రక్తం పోయి చచ్చిపోయింది. పిల్లకి పదేళ్ళు దాటాయి కాబట్టి అత్యాచారం కేసు నిలబడదు. అజాగ్రత్తగా గాయపరిచాడన్న నేరం కింద అతనికి ఏడాది శిక్షతో సరిపెట్టారు. ఆ తర్వాత 1891లో పదిని పన్నెండు చేశారు. అంతే, పన్నెండు. దానికే దేశమంతా మా మతంలో వేలు పెడుతున్నారని సభలు, ఊరేగింపులు జరిగాయి, బాలగంగాధర తిలక్ లాంటివాళ్ళు కూడా గట్టిగా ఎదిరించారు.

ఇంకో కేసు చెప్తాను, ఇది మీరు పిల్లలకి తప్పకుండా చెప్పండి. బొంబాయిలో రుఖ్మాబాయి అని, పదకొండేళ్ళకి పెళ్ళి చేశారు, తల్లిగారింట్లోనే పెరిగింది, చదువుకుంది. పెద్దయ్యాక ఆ దాదాజీ భికాజీతో నేను కాపురం చెయ్యను, నా ఇష్టం లేకుండా జరిగిన పెళ్ళి అది అంది. అతను 1884లో కోర్టుకెక్కాడు. 1885లో జస్టిస్ పిన్హీ ఆమెని బలవంతంగా పంపడం అన్యాయమని తీర్పిచ్చాడు. అప్పీలు తర్వాత 1887లో మళ్ళీ విచారణ జరిగి, కాపురానికి వెళ్ళు, లేకపోతే ఆరు నెలలు జైలు అన్నారు. జైలుకే పోతానంది. చివరికి 1888లో అతనికి రెండువేల రూపాయలు ఇచ్చి రాజీ చేసుకున్నారు. తర్వాత ఆమె లండన్ వెళ్ళి డాక్టరై, తిరిగొచ్చి సూరత్‌లో ఏళ్ళ తరబడి ఆడవాళ్ళకి కాన్పులు చేసింది. ఒక్క మనిషి కాదంటే దేశం మొత్తం ఉలిక్కిపడింది. కాదనాలని ఉండి అనలేకపోయినవాళ్ళు ఎంతమందో.

ఇంగ్లండులో, అమెరికాలో ఆడవాళ్ళు అప్పటికే హాయిగా ఉన్నారా? – ఇంటర్ విద్యార్థిని, నెల్లూరు

లేదమ్మా. ఇంగ్లండు చట్టంలో పెళ్ళితో ఆడదాని ఆస్తి, సంపాదన భర్తవి అయిపోయేవి, పిల్లలు కూడా తండ్రి సొత్తే. కెరొలిన్ నార్టన్ అనే రచయిత్రి భర్తతో విడిపోయినప్పుడు ఆయన ముగ్గురు పిల్లల్నీ తీసుకుపోతే చట్టం ఆమెకి వాళ్ళని చూసే హక్కు కూడా ఇవ్వలేదు. ఆమె పోరాటం వల్ల 1839లో, ఏడేళ్ళలోపు పిల్లల్ని తల్లి దగ్గర ఉంచమని అడిగే వీలొచ్చింది. విడాకులకి 1857 చట్టంలో కూడా రెండు కొలతలు: భార్య తప్పు చేస్తే అదొక్కటే చాలు, భర్త తప్పు చేస్తే దానికి తోడు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా భార్య నిరూపించాలి. పెళ్ళైన ఆడదానికి సొంత ఆస్తి హక్కు పూర్తిగా వచ్చింది 1882లో. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎలిజబెత్ పాకర్డ్ అని ఆరుగురు పిల్లల తల్లి, పాస్టరైన భర్తతో మత విషయాల్లో వాదించిందని 1860లో ఆయన ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టించాడు. భర్త అడిగితే చాలని అక్కడి చట్టం. మూడేళ్ళు ఉంది. తర్వాత జ్యూరీ ఆమెకి పిచ్చి లేదని తేల్చడానికి పట్టింది ఏడు నిమిషాలు.

కాన్పుల సంగతి కొస్తే వియన్నా పెద్దాసుపత్రి గురించి చదువు. అక్కడ రెండు పురిటి వార్డులు. ఒకటి డాక్టర్లది, ఒకటి మంత్రసానులది. డాక్టర్ల వార్డులో పురిటి జ్వరంతో చచ్చిపోయేవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ, ఈ సంగతి ఊరంతా తెలుసు. నొప్పులతో వచ్చిన ఆడవాళ్ళు ఆ వార్డులో వెయ్యొద్దని మోకాళ్ళ మీద పడి బతిమాలేవాళ్ళు, కొందరు దారిలోనే కనేసి వచ్చేవాళ్ళు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు గమనించాడు, ఇక్కడి డాక్టర్లు, స్టూడెంట్లు శవాలు కోసిన చేతులతోనే వార్డుకి వస్తున్నారని. 1847 మే నుంచి సున్నపు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగమన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన చోట జూన్‌లో ఇద్దరు. అయినా పెద్ద డాక్టర్లు నమ్మలేదు, మా చేతులు మురికివంటావా అని కోపం తెచ్చుకున్నారు. ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. మోకాళ్ళ మీద పడి ఏడ్చిన ఆ ఆడవాళ్ళకి డాక్టర్లకన్నా ముందే నిజం తెలుసు, వాళ్ళ మాట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇదంతా అగ్రహారాల కథ కదండీ. కూలి చేసుకునే మా వాళ్ళలో శుల్కమూ లేదు, గుండూ లేదు, మారుమనువు ఎప్పటినుంచో ఉంది. మా గురించి ఎందుకు రాయరు? – పాఠకుడు, వినుకొండ

మీరు అడిగింది న్యాయం. చాలా కులాల్లో మారుమనువు ఉండేది, కుల పెద్దల ముందు విడిపోవడం ఉండేది, ఆ మేరకు అక్కడి ఆడవాళ్ళకి ఊపిరాడింది. సంస్కర్తలు ఎక్కువగా అగ్రవర్ణాలవాళ్ళు కాబట్టి తమ ఇళ్ళలో చూసిందే రాశారు, పత్రికలు కూడా అవే అచ్చేశాయి. కూలి తల్లి గురించి రాసేవాళ్ళు లేరు.

కానీ ఆ తల్లి కష్టం తక్కువదేమీ కాదు. నెలలు నిండినా నాట్లకి వంగాల్సిందే, పని మానితే ఆ రోజు గింజలు లేవు. పొలం గట్టు మీద కని, పేగు తామే కోసుకుని బిడ్డని కొంగులో కట్టుకుని వచ్చారని చెప్పుకునే కథలు మీ ఇళ్ళలోనూ ఉంటాయి. పెద్దావిడ అన్న "మళ్ళీ పొలానికి పోలేదూ" మాట అక్కడినుంచి వచ్చిందే. పోయారు, ఎందుకంటే పోకపోతే ఇంట్లో మిగతా పిల్లలు పస్తు. 1832–33 గుంటూరు కరువులో, 1876–78 పెద్ద కరువులో ముందు పాలు ఎండిపోయింది ఈ తల్లులకే. తిండి లేని తల్లికి కడుపు నిలవదు, నిలిచినా బిడ్డ దక్కదు. తెలుగు జిల్లాల నుంచి కూలీలుగా సముద్రం దాటినవాళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు. 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాతాల్‌కి వెళ్ళిన మొదటి ఓడ ట్రూరోలో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. చెరకు తోటలో పనికెళ్ళని రోజుకి కూలి లేదు, ఒంట్లో బాగోలేదన్నా, కడుపుతో ఉన్నానన్నా. మీ ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పే ఇలాంటి కథలుంటే రాసి పంపండి, వేస్తాను.

వీరేశలింగం గారి గురించి పాఠాల్లో చదివాం. ఆయన భార్య గురించి ఎక్కడా రెండు లైన్లు కూడా లేవు. – టీచరు, రాజమహేంద్రవరం

మీ ఊరి ఆవిడే! బాపమ్మ అని పిలిచేవాళ్ళు, తర్వాత రాజ్యలక్ష్మమ్మ. 1861లో పెళ్ళి, అప్పటికి ఆయనకే పదమూడేళ్ళు, ఆవిడ ఇంకా చిన్నపిల్ల. 1881 డిసెంబరు 11న వాళ్ళింట్లో మొదటి వితంతు వివాహం జరిగింది, గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మలది. ఆ సంగతి తెలియగానే వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు, చుట్టాలు రావడం మానేశారు. పెళ్ళి ఇల్లంటే ఎన్ని బిందెల నీళ్ళు కావాలో మీకు తెలుసు. ఆవిడే గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చి, ఆవిడే వండి వడ్డించింది. ఆ రేవు మెట్లు మీరు రోజూ చూస్తుంటారు కదా, తడి బట్టలతో, చంకలో బిందెతో, పలకరించే దిక్కు లేకుండా, వెనక నుంచి అనే మాటలు వింటూ ఒకటికి పదిసార్లు ఆ మెట్లు ఎక్కింది ఆవిడ. భర్తని వదిలేసి రమ్మని అయినవాళ్ళు నచ్చజెప్పారు, రాలేదు.

వాళ్ళకి పిల్లలు లేరు. పిల్లలు లేని ఆడదాన్ని ఆ రోజుల్లో ఏమనేవాళ్ళో నేను రాయక్కర్లేదు. తలదాచుకోవడానికి వచ్చిన వితంతువులకి, వాళ్ళ పసిబిడ్డలకి ఆవిడే అమ్మయింది. 1910లో పోయింది. మీరు టీచరు కాబట్టి అడుగుతున్నాను, వీరేశలింగం గారి పాఠం చెప్పే రోజున ఈ బిందెల సంగతి కూడా చెప్పండి.

వితంతువులకి బిడ్డ కలిగితే ఏం చేసేవాళ్ళు? (పేరు వద్దు)

చంపేసేవాళ్ళు, లేదా తామే నూతిలో దూకేవాళ్ళు. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకి బిడ్డని చంపిందని ఉరిశిక్ష వేశారు, తర్వాత శిక్ష తగ్గించారు. ఆ బిడ్డకి తండ్రి ఎవరని అడిగినవాళ్ళు లేరు. పత్రికలన్నీ ఆడవాళ్ళ బుద్ధి గురించి పాఠాలు చెప్తుంటే తారాబాయి షిండే అనే మరాఠీ ఆవిడ ఒళ్ళు మండి 1882లో పుస్తకమే రాసి అచ్చేయించింది, మరి మగవాళ్ళ సంగతేమిటని. అంతకు ముందే, 1863లో, పుణెలో జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులు తమ ఇంట్లోనే ఇలాంటి తల్లులు రహస్యంగా వచ్చి కనే వీలు కల్పించారు. అలా పుట్టిన ఒక పిల్లవాణ్ణే దత్తత తీసుకుని యశ్వంత్ అని పేరు పెట్టారు, అతను డాక్టరయ్యాడు.

మీరు పేరు వద్దన్నారు, ఎందుకో నేను అడగను. ఇప్పుడు చట్టం మీ వైపు ఉంది, దగ్గరలో ఉన్న ఆడ డాక్టరుతో మాట్లాడండి, మీరు చెప్పింది ఆవిడ బయటపెట్టకూడదు. ఒంటరిగా మాత్రం ఉండకండి.

అసలు ఆ ఆడవాళ్ళు తమ బాధ తామే రాసుకున్నది ఏదైనా ఉందా? అన్నీ మగవాళ్ళు చెప్పినవేనా? – పాఠకురాలు, ఖమ్మం

ఉంది, కొద్దిగా. బెంగాల్లో రాససుందరీదేవి అని, 1810 ప్రాంతంలో పుట్టింది. పన్నెండేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి తొలి కాన్పు, నలభై ఒకటికి ఆఖరిది, మొత్తం పన్నెండు మంది. ఆడది చదివితే ఇంటికి అరిష్టమనే రోజులు. భర్త చదివే చైతన్య భాగవతం తాళపత్రం ఒకటి తీసి, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి తీసి, రెండూ వంటింట్లో దాచుకుని, పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఒక్కో అక్షరం పోల్చి చూసుకుంటూ ఏళ్ళ తరబడి చదవడం నేర్చుకుంది. తర్వాత తన జీవితకథ రాసింది, బెంగాలీలో మొదటి ఆత్మకథ అదే అంటారు. ఇంటిల్లిపాదికీ వండి పెట్టాక తను తినబోతే ఎవరో అతిథి రావడం, పిల్ల ఏడవడం, అలా తిండి లేకుండానే పొద్దుపోవడం, ఇవన్నీ ఎవరి మీదా నేరం మోపకుండా రాస్తుంది. చదువుతుంటే గొంతు పట్టేస్తుంది.

మన తెలుగులో భండారు అచ్చమాంబ గారు, 1874లో పుట్టారు, చిన్నప్పుడే పెళ్ళి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. కొడుకూ కూతురూ ఇద్దరూ చిన్నప్పుడే పోయారు. ఆ దుఃఖంలో ఆవిడ చేసిన పనేమిటో తెలుసా, దేశంలో గొప్పగా బతికిన ఆడవాళ్ళ చరిత్రలు వెతికి వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించారు. 1905లో ముప్పై ఏళ్ళకే పోయారు.

ఇంకొకరు, మరాఠీ ఆవిడ ఆనందీబాయి జోషి. తొమ్మిదేళ్ళకి పెళ్ళి, పధ్నాలుగేళ్ళకి మగబిడ్డ, పదిరోజులే బతికాడు. సరైన వైద్యం ఉంటే బతికేవాడన్న బాధతోనే డాక్టరవ్వాలనుకుని అమెరికా వెళ్ళింది. 1886లో ఫిలడెల్ఫియాలో పట్టా తీసుకుంది, పరిశోధన వ్యాసం కూడా కాన్పుల మీదే. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో క్షయతో పోయింది, ఇరవై రెండు కూడా నిండలేదు.

మా ముత్తాత మొదటి భార్య పురిట్లో పోయిందని మాత్రం తెలుసు. మేము రెండో ఆవిడ సంతానం. ఆ మొదటి ఆవిడ పేరేమిటో తెలుసుకోవాలని నాకు ఎందుకో చాలా ఉంది. దారేమైనా ఉందా? – పాఠకురాలు, అమలాపురం

ఉంది, త్వరపడండి. ముందుగా మీ ఇంట్లో తద్దినాలు పెట్టే మగవాళ్ళని అడగండి. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేర్లు కూడా చెప్పి పిండం పెడతారు. పుష్కరాల్లో ఇంకా ఎక్కువమందిని తలుస్తారు, పిల్లలు లేకుండా పోయినవాళ్ళని కూడా. మీ తాతగారు కానీ, ఆయన అన్నదమ్ములు కానీ పుష్కరాలకి రాసుకున్న పేర్ల చీటీ ఏ పంచాంగంలోనో, ఏ పాత డైరీలోనో ఉండే ఉంటుంది. ఇంటి పురోహితుడి దగ్గర కూడా ఉండొచ్చు, కాశీకి వెళ్ళి ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాల్లోనూ రాయించి ఉంటారు.

రెండోది దస్తావేజులు. ఆవిడకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చి ఉంటే, ఆవిడ పోయాక దాని గురించి ఏదో ఒక కాగితం పుట్టే ఉంటుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో ఊరి పేరు, సుమారు సంవత్సరం చెప్పి నకలు అడగండి.

అన్నిటికన్నా ముందు, మీ వాళ్ళలో బతికున్న అందరికన్నా పెద్ద ఆడమనిషి దగ్గరికి వెళ్ళి కూర్చోండి. పేరు అడిగితే గుర్తు లేదంటారు. ఆ మొదటి ఆవిడ నగ ఎవరికి వచ్చింది, ఆవిడ పేరు ఎవరికైనా పెట్టారా అని అడగండి. పోయిన సవతి పేరు తన మొదటి కూతురికి పెట్టుకోవడం మన దగ్గర ఉన్న ఆనవాయితీ, ఆవిడ ఆత్మ బిడ్డని చల్లగా చూడాలని. మీ ముత్తాత గారి పెద్ద కూతురి పేరు ఏమిటో కనుక్కోండి, మీరు వెతుకుతున్న పేరు అదే కావచ్చు. దొరికితే నాకు రాయండి.